అమ్మ కాయలు లోపలికి పోవు

ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపితే గానీ అష్టాచెమ్మలో మన కాయ లోపలి గడుల్లోకి పోవడానికి లేదు. అప్పటిదాకా ఎన్ని చుట్లయినా బయటే తిరగాలి. ఆత్మకూరులో మా ఇంట్లో అమ్మ కాయలు ఎప్పుడూ బయటే తిరిగేవి.

నాకది మహా చిరాకు. లాక్‌డౌన్ రోజులవి. డిగ్రీ కాలేజీ మూతపడి ఇంట్లోనే ఉన్నాను. పొద్దంతా ఫోన్‌లో కోటలు కట్టే ఆట ఆడేదాన్ని. కట్టడం కన్నా పక్కవాడి కోట తగలబెట్టడమే నాకిష్టం. ముందు గోడ కూల్చాలి, తర్వాత కాపలావాళ్లను నరకాలి, చివరికి ధాన్యపు కొట్టుకు నిప్పు పెట్టాలి. మూడు నిమిషాల్లో ఊరు బూడిదయ్యేది. అబద్ధమెందుకు, ఆ బూడిద చూస్తే నాకు కడుపు నిండేది.

బాపు మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ బంద్, వైన్స్ బంద్. బస్తాలు మోసే చేతులు ఖాళీగా ఉండలేవు. అన్నం తినగానే బండల మీద సుద్దతో గడులు గీసి అమ్మను కూర్చోబెట్టేవాడు. ఆయనవి చింతగింజలు, అమ్మవి పగిలిన గాజుముక్కలు. రోజూ ఆయనే గెలిచేవాడు. ఆయన గెలిస్తే ఇల్లు చల్లగా ఉండేది. ఫోన్‌లో అన్ని ఎత్తులు వేసేదాన్ని, ఇంట్లో జరిగేది మాత్రం నాకు తెలియలేదు. అమ్మకు ఆట రాదనే అనుకున్నాను.

ఒకరోజు అమ్మ వేస్తే గవ్వలు నాలుగూ వెల్లకిలా పడ్డాయి. చెమ్మ. చెమ్మకు నాలుగు గడులు జరపాలి, ఆమె కాయకు సరిగ్గా నాలుగో గడిలో బాపు కాయ ఉంది, చుట్టు పూర్తిచేసి లోపలికి తిరగబోతోంది. అమ్మ వేలు వేరే కాయ మీదికి పోయింది. నేనిక ఓపలేకపోయాను. ఫోన్ పారేసి, వంగి, అమ్మ కాయను నేనే జరిపి బాపు చింతగింజను ఎత్తి అవతల పడేశాను. సచ్చింది బాపూ, అని నవ్వాను కూడా.

బాపు నన్నేమీ అనలేదు. పక్కనున్న ఇత్తడి చెంబు తీసి అమ్మ ముఖం మీద కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. మళ్లీ కొట్టాడు. నెత్తురు గడుల మీద పడి సుద్దగీతలు చెరిగిపోయాయి. మూడోసారి చెయ్యి లేచేసరికి పొయ్యి దగ్గరి కట్టె నా చేతిలో ఉంది. ఆయన మణికట్టు మీద కొట్టాను. ఎముక విరగడం నాకు వినిపించింది. ఆయన కూలబడ్డాక కూడా భుజం మీద, వీపు మీద కొట్టాను. ఆపాలనిపించలేదు. హాయిగా ఉంది. అమ్మ నెత్తుటి ముఖంతో వచ్చి నా కాళ్లు పట్టుకుంది.

"సాలు బిడ్డా. నీ కాల్మొక్త."

దవాఖానలో అమ్మకు కుట్లు వేశారు, బాపు చేతికి పిండికట్టు కట్టారు. తడిబండల మీద జారి తానూ బాపూ పడ్డామని అమ్మ డాక్టర్‌తో చెప్పింది. బాపును లోపల కట్టు దగ్గర వదిలి మేమిద్దరం బయట కూర్చున్నప్పుడు అమ్మ నెమ్మదిగా అంది.

"ఆ కాయ నాకు కనవడలేదనుకున్నవా? దినాం కనవడ్తనే ఉంటది."

బాపు మళ్లీ అమ్మ మీద చెయ్యెత్తలేదు. నేనే గెలిచానని చాలాకాలం మురిసిపోయాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం, కిరాయి ఇల్లు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా కోపం నాకు తెలుసు. మొన్న కూరలో ఉప్పు ఎక్కువైందని గిన్నె గోడకేసి కొట్టాను. కానీ అమ్మ మీద ఏనాడూ చెయ్యి వేయలేదు.

ఆదివారాలు అష్టాచెమ్మ ఆడదామని నేనే అడుగుతాను. నిన్న అమ్మకు చెమ్మ పడింది. నాలుగో గడిలో నా కాయ ఉంది. అమ్మ ఒకసారి నా ముఖంలోకి చూసి, వేరే కాయ జరిపింది.