గేటు బయటి ప్రతినిధి

మా నాయనమ్మ, అదే మా జేజి రత్నమణి, ముంబయికి పోకపోయి ఉంటే, ఒక జాతీయ పార్టీకి ఈపాటికి అధ్యక్షుడే ఉండేవాడు కాదు. ఈ మాట ప్రొద్దుటూరు బస్టాండులో చాలామందికి చెప్పాను. మా ఊరివాళ్ళు తప్ప అందరూ నమ్మారు.

మా ఊరు పెద్దముడియం పక్కన. ఇంటర్ తప్పాక నేను చేస్తున్న పని జేజి గురించి గొప్పలు చెప్పడమే. జీతం లేదు, తిట్లు మాత్రం వేళకు అందుతాయి.

కొన్నేళ్ళ కిందట ఆ పార్టీ జమ్మలమడుగు నాయకుడు రాజశేఖర్ మా ఇంటికొచ్చాడు. ముంబయిలో జరిగే పార్టీ మహాసభకు పంపే ప్రతినిధుల్లో ఆడవాళ్ళు తక్కువయ్యారట. మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద అయిన జేజి అప్పుడు శనగలు చెరుగుతోంది.

"పెద్దమ్మా, ముంబయికి వస్తావా? మెడలో కార్డు ఏస్తారు."

"కార్డు ఎవురిక్కావాలప్పా? మాట్లాడనిస్తారా?"

"రెండు నిమిషాలు ఇప్పిస్తాలే."

"అయితే వస్తా," అంది, చేట దించకుండానే.

ఆమె చెప్పాల్సింది ఒక్కటే. ప్రొద్దుటూరుకు పోయే మా పొద్దుటి బస్సును ఆపేశారు. కాన్పులకు పోయే ఆడవాళ్ళు ఆటోల్లో ఎగిరెగిరి పడుతున్నారు. ఆ బస్సు మళ్ళీ రావాలి. జాతీయ మహాసభలో మీ ఊరి బస్సేమిటని నవ్వకండి. మాకు ప్రొద్దుటూరు దాటితే అంతా జాతీయమే.

మా చర్చి ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరున పిడికెడు బియ్యం తీసిపెడతారు. చర్చి సభలకు మనవి చెప్పుకోడానికి పోయేవాళ్ళు ఆ బియ్యం పట్టుకునే పోవాలి. పార్టీవాళ్ళకూ అదే మర్యాద ఉంటుందనుకుంది జేజి. ఇంటింటి పిడికిళ్ళూ సంచిలో పోసుకుని ఎర్రగుంట్లలో రైలెక్కింది.

మహాసభ గేటు దగ్గర పోలీసులు సంచిని ఆపారు.

"ఆడ పెట్టేసి రా పెద్దమ్మా, టైమైతాంది," అన్నాడు రాజశేఖర్.

"దేవుని బియ్యమప్పా! మట్టిలో యాడ పెట్టేది?"

రాజశేఖర్ లోపలికి పోయాడు. జేజి సంచితో గేటు బయటే నిలబడింది. మైకులో ఆమె పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికి లోపల అందరూ చేతులెత్తినప్పుడు మా జేజి రెండు చేతుల్లోనూ సంచి ఉంది. ఆ లేవని చేతులే నా గొప్పలకు పునాది.

మన రాష్ట్రంవాళ్ళకు వండుతున్న పులివెందుల ఖాదర్‌కు గేటు బయట మన యాస వినిపించింది. "మాయమ్మా, వంటపందిరి బయటే ఉండాది. దా, బియ్యం వండేస్తా," అని సంచి అందుకున్నాడు. అందులో రేషన్ బియ్యం, సోనా మసూరి, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోయాయి. సగం గంజయింది, సగం ఉడకలేదు.

"ఏంది మాయమ్మా ఇది? నా పేరు పోతాంది!"

"పోనీలే, వడ్డించేది నేను కదా," అంది జేజి.

మధ్యాహ్నం నాయకులంతా పళ్ళాలతో వరసలో నిలబడ్డారు. జేజి ప్రతి పళ్ళెం మీదా గరిటె ఆపి, "మా బస్సు సంగతి విను, తర్వాత తిందువు," అంది. ఆకలి మీదున్నవాళ్ళు ఎంత శ్రద్ధగా వింటారో ఆ రోజు ఆమెకు తెలిసింది. నెల తిరక్కుండానే బస్సు వచ్చింది. దాని కోసం ఇంకెవరెవరు అర్జీలు పెట్టారో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే నా గొప్పలు తగ్గుతాయి.

ఇప్పుడు ఆ బస్సు మళ్ళీ ఆగిపోయింది. పార్టీకి మళ్ళీ మహాసభ వచ్చింది. రాజశేఖర్ మళ్ళీ వచ్చి అడిగిపోయాడు. జేజి సంచి దులుపుతుంటే, ఇంతవరకూ నేను రాసిన ఈ గొప్పలన్నీ చదివి వినిపించి, ఒక సలహా కూడా పారేశాను.

"జేజీ, ఈసారన్నా బియ్యం ఇడిసిపెట్టి లోపలికి పోయి మాట్లాడు."

"లోపల మాట్లాడినోళ్ళ బస్సులు యాడికొచ్చినాయిరా? రాసింది చాలు. ఈసారి సంచి పెద్దది, మోసేదానికి నువ్వు రా."