సత్తుముద్ద మీద మోపిన నేరం

మా మరదలికి మూడో నెలలో కడుపు పోయింది. అది రెండోసారి. దవాఖాన నుంచి వచ్చి ఇంకా సరిగ్గా లేచి కూర్చోనైనా లేదు, మా చర్చి సంఘంలోని స్త్రీల సమాజం పరామర్శకని వచ్చి కారణం కనిపెట్టేసింది. కేసముద్రంలో పుట్టింటికి పోయినప్పుడు ఆమె బతుకమ్మ దగ్గర పెట్టిన సత్తుముద్ద తిన్నదట. అన్యదేవతకు పెట్టింది తిన్న కడుపు బిడ్డను నిలుపుకోదట.

"ఆదివారం సంఘం ముందట ఒప్పుకో బిడ్డా. నూనె రాసి ప్రార్థన చేస్తం, మళ్ల నిలబడ్తది," అంది సమాజం అధ్యక్షురాలు.

"మరి మొదటిసారి ఏం తిన్ననక్కా?" అని మరదలు అడిగింది.

"గుర్తు చేస్కో," అందామె, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

నేను వాక్యం మీద పెరిగినదాన్ని. మోకరించనిదే పొద్దున పొయ్యి వెలిగించను. పిడికెడు సత్తుపిండి కోసం దేవుడు గర్భంలోని పసిదాన్ని చంపుతాడని నమ్మేవాళ్లకు ఆయనంటే భయమూ లేదు, ఆయనతో పరిచయమూ లేదు. తెలిసిందల్లా పక్కింటి వంటగదిలోకి తొంగి చూడడం. మరదలికి నెలసరి రక్తం రోజుల తరబడి ఆగనప్పుడు, కోపం ఎక్కువైన ఆడవాళ్లకు అట్లాగే అవుతుందని తేల్చిందీ ఈ మహాతల్లులే.

వాళ్లు పోయాక మరదలు గోడవైపు తిరిగి పడుకుంది. "తిన్నది నిజమే కద వదినా. ఒప్పుకుంట," అంది. నా ఒళ్లు మండింది. మర్నాడే హన్మకొండలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ పండుగ సంగతి అడగలేదు. నెలసరి ఎట్లా వస్తుంది, గడ్డలు పడతాయా, నీరసం ఉంటుందా అని అడిగింది. తొలి నెలల్లో పోయే కడుపులు చాలావరకు పిండం ఏర్పడేటప్పుడే జరిగిన పొరపాటు వల్ల పోతాయనీ, అందులో తల్లి తప్పు లేదనీ చెప్పింది. రెండోసారి కాబట్టి పరీక్షలు రాసింది. థైరాయిడ్ తేలింది. నెలసరి అంతగా పోవడానికి అది కారణం కావచ్చు, కడుపు పోయింది కూడా దానివల్లేనని మాత్రం గట్టిగా చెప్పలేనంది. తెలియనిది తెలియదన్న మనిషిని ఆ వారమంతటిలో నేను చూసింది అక్కడే.

ఆదివారం ఒప్పుకోలు సమయానికి అందరి మెడలూ మా వైపు తిరిగాయి. మరదలు లేచింది.

"సత్తుముద్ద తిన్న. మా అమ్మ చేసింది, మంచిగ ఉండె. నా బిడ్డ దానివల్ల పోలేదు. నాకు థైరాయిడ్ ఉన్నది, గోలీలు వేసుకుంటున్న. ప్రార్థన చేస్తే ఆరోగ్యం కోసం చేయుండ్రి."

అధ్యక్షురాలు కళ్లు మూసుకుని గబగబా పాట ఎత్తుకుంది. పాట దేవుడిది కాబట్టి నేనూ పాడాను, ఆమె గొంతు వినపడనంత గట్టిగా.