ఖేతూబాబు చేతి తూకం

ఏ రెండు వస్తువులు చేతికొచ్చినా ఏది ఎక్కువ బరువో ఎత్తి చూడందే క్షేత్రమోహన్ లాహిరిగారికి తోచేది కాదు. కలకత్తాలో అందరూ ఆయన్ని ఖేతూబాబు అనేవారు. ఆయన కళ్లు మూసుకుని ముందు ఒకటి ఎత్తేవారు, దించేవారు. తర్వాత రెండోది ఎత్తేవారు, దించేవారు. అప్పుడు కళ్లు తెరిచి, హైకోర్టు జడ్జీ గొంతుతో, "రెండోదే బరువు" అనేవారు. ఒకసారి ఆయనకి ఒకే టపాలో పెళ్లి శుభలేఖా, శ్రాద్ధం కార్డూ వచ్చాయి. ఎవరి పెళ్లో, ఎవరు పోయారో చదవకముందే రెండూ ఎత్తి చూసి, "పెళ్లిదే బరువు" అని తేల్చేశారు.

ఆయన మరదలి పెళ్లిలో జరిగింది ఇంకా దారుణం. పెళ్లికూతుర్ని పీటమీద కూచోబెట్టి, నలుగురు పట్టుకుని వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతున్నారు. ఆ పీట కోడు ఒకటి ఖేతూబాబు చేతిలో ఉంది. మూడో చుట్టులో ఆయన ఉన్నట్టుండి ఆగి, పీట దింపించి, కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తించారు.

"ఏమైంది బావగారూ?" అని కంగారుపడ్డారు అందరూ.

"ఏం లేదు. పోయినేడు పెద్ద మరదల్ని ఎత్తాను కదా. ఈ పిల్ల తేలిక!"

పెద్ద మరదలు అక్కడే శంఖం ఊదుతోంది. ఊదడం ఆపేసింది. ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

చేపల బజారులో గౌర్ అనే చేపలవాడికి ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. ఖేతూబాబు పెద్ద పెద్ద పులసల్ని వరసగా ఎత్తి దించి, చివరికి గుప్పెడు పరిగెలు కొనుక్కునేవారు.

"బాబుగారూ, చేపల్ని కొంటారా, వ్యాయామం చేయిస్తారా?"

"మూడోది నాలుగోదానికంటే రెండు తులాలు తక్కువ, గౌర్! చూసుకో!"

గౌర్ త్రాసులో వేసి చూసేవాడు. సరిగ్గా రెండు తులాలే తక్కువుండేది. అది వాడికి ఇంకా మంట. "ఇంత చెయ్యి పెట్టుకుని పరిగెలు కొంటాడు, పిసినారి" అని అందరికీ చెప్పేవాడు. అనుకూల్ పాలిత్‌కి కూడా చెప్పాడు. పాలిత్ నమ్మాడు.

పాలిత్ ఖేతూబాబు పనిచేసే కాలేజీలోనే తర్కం చెప్పే లెక్చరరు. ముప్పై అయిదేళ్లవాడు, నెమ్మదస్థుడు. ప్రిన్సిపాలు అతన్ని ఖేతూబాబుకి సహాయకుడిగా వేశాడు. మెట్లకింద రెండు గదులిచ్చి, మనస్తత్వ ప్రయోగశాల పెట్టమన్నాడు. ఆ రోజునుంచి పాలిత్‌కి నిద్ర తగ్గింది, ఉత్సాహం పెరిగింది. ఖేతూబాబు పక్కన నిలబడితే ఎవరికైనా అంతే.

"జర్మనీలో, లైప్‌జిగ్‌లో రెండేళ్లున్నానయ్యా! అక్కడ ప్రయోగం చేసేవాడూ నేనే, చేయించుకునేవాడూ నేనే. పదివేలసార్లు బరువులెత్తాను. పదివేలు! ఎంత తేడా ఉంటే మనసుకి తేడా తెలుస్తుంది? అదీ ప్రశ్న! మన ఋషులు మనసుని పట్టుకోవాలని చూశారు గానీ, కొలవాలని ఒక్కడైనా చూశాడా?"

"లేదు ఖేతూదా," అన్నాడు పాలిత్, ఆయన్ని అన్నగా ఎంచి.

"మనం కొలుస్తాం!"

ఆయన బల్ల వెనక గోడమీద ప్రపంచపటం ఉండేది. ఎక్కడ ఇలాంటి ప్రయోగశాల తెరిచారని చదివినా ఆ ఊరిమీద ఎర్రతల గుండుసూది గుచ్చేవారు. జర్మనీ ఎప్పుడో నిండిపోయింది. అమెరికా మీద కొత్త సూదికి చోటు వెతుక్కోవాలి. జపాన్‌కొచ్చింది, రష్యాకొచ్చింది. కలకత్తా సూది మాత్రం ఖేతూబాబు కోటు మడతలోనే ఉంది. "యూనివర్సిటీ పరీక్షా సంఘం వచ్చి, ఇది ప్రయోగశాలే అని సంతకం పెట్టిన రోజున గుచ్చుతాను" అనేవారు. అదే కోటు ఎనిమిదేళ్లుగా తొడుగుతున్నారు. మోచేతుల దగ్గర అతుకులకి కూడా అతుకులు పడ్డాయి.

ఇంతలో జర్మనీతో యుద్ధం వచ్చిపడింది. అక్కడ వీళ్లకోసం కట్టిన యంత్రాల పెట్టెలు దారిలోనే ఎక్కడో ఆగిపోయాయి. డిసెంబరులో పరీక్షా సంఘం వస్తానంది. ప్రయోగశాల లేదని తేలితే గదులు రసాయనశాఖవారి ఆసిడ్ జాడీలకి ఇచ్చేస్తామని ప్రిన్సిపాలు చెప్పేశాడు. పాలిత్ బెంగపెట్టుకున్నాడు. ఖేతూబాబు మాత్రం కుమ్మరివాడి దగ్గరికి పరుగెత్తి, ఒకే అచ్చులో తీసినట్టుండే పదహారు మట్టి ముంతలు చేయించారు. ఒక్కోదాన్లో ఒక్కో కొలత ఇసుక పోసి, మూతికి కాగితం అంటించారు. చూడ్డానికి అన్నీ ఒకటే, ఎత్తితే వేరు.

"లైప్‌జిగ్‌లో కూడా ఇంత బాగా లేవు!" అని గంతేశారాయన.

పాలిత్‌ని వేధించేది ఒక్కటే, ఆయన ఆలస్యం. కాలేజీ వెనక శంఖాలు కోసి గాజులు చేసేవాళ్ల గల్లీ ఉంది. రోజూ పొద్దున్నే ఖేతూబాబు అందులో దూరేవారు. ప్రతి గుమ్మంలోనూ ఒక తల్లి చంటిపిల్లతో సిద్ధంగా ఉండేది.

"ఎత్తండి బాబూ, మావాడు పెరిగాడా?"

కళ్లు మూసుకుని, ఎత్తి, "పెరిగాడు! శనివారానికంటే నాలుగు తులాలు!" అనేవారు. ఒక్కోసారి, "ఊఁ, తేలిక" అని ఊరుకునేవారు. వెనకాలే పాలవాడు రామ్‌ధనీ బిందెలు మోసుకుంటూ వచ్చేవాడు. వాడి దారీ అదే కాబోలని పాలిత్ అనుకున్నాడు.

"సాధన, పాలిత్! చెయ్యి మొద్దుబారకూడదు" అనేవారు ఖేతూబాబు.

"సాధనకి ముంతలున్నాయిగా దాదా?"

"ముంతలు నవ్వవయ్యా!"

సంఘం వచ్చిన పొద్దున పాలిత్ అరగంట ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సంఘంలో అయిదుగురు. వాళ్లకి పెద్ద డాక్టర్ సోమ్, భౌతికశాస్త్రం ఆయన. మీసాలు తెల్లబడ్డా కోపం తెల్లబడలేదు. మెట్లెక్కుతూనే, "మనసుని కొలుస్తారట! గజాల్లోనా, మణుగుల్లోనా?" అన్నాడు. ఖేతూబాబు ఇంకా గల్లీలోనే ఉన్నారు. ఏం చెయ్యాలో తెలీక పాలిత్ అందర్నీ పెద్ద హాల్లో కూచోబెట్టి టీ ఇవ్వమన్నాడు.

వచ్చినవాళ్లవి నాలుగు కులాలు, అందులో ఇద్దరు మహా ఆచారవంతులు. పింగాణీ కప్పు ముట్టరు. అంచేత వంటబ్రాహ్మడు మాధబ్ కొత్త మట్టి ముంతల్లో టీ పోసి తెచ్చాడు. అందరూ మెచ్చుకుంటూ తాగారు. ఎంగిలి ముంత ఉంచుకోకూడదు కదా, తాగినవాళ్లు తాగినట్టు వరండాలోంచి పెరట్లోకి విసిరారు. డాక్టర్ సోమ్ విసిరింది గోడకి తగిలి గట్టిగా పగిలింది. ఆ చప్పుడుకి పాలిత్ పెరట్లో పెంకులకేసి చూశాడు.

"మాధబ్! ఈ ముంతలెక్కడివి?"

"కుమ్మరి పంపలేదండీ. మీ అలమారలో పదహారున్నాయి. ఎవరో బుద్ధిలేనివాడు ఇసుక పోసిపెట్టాడు. మూతికి కాగితం కూడా విప్పలేదు, కొత్తవేగదా అని ఇసుకంతా పారబోసి, పదహారూ శుభ్రంగా కడిగేశాను."

సరిగ్గా అప్పుడే ఖేతూబాబు రొప్పుతూ వచ్చారు. "ప్రయోగశాల చూడండి, రండి, రండి!"

"ఖేతూదా," అన్నాడు పాలిత్ ఏడుపు గొంతుతో, "మన ప్రయోగశాలలో టీ తాగేశారు. తాగి, పగలగొట్టేశారు."

ఖేతూబాబు పెరట్లో పెంకులు చూశారు. కోటు మడతలో సూదిని ఒకసారి తడుముకున్నారు. పాలిత్‌కి ఆయన మొహం చూడలేక తల తిప్పుకోవాలనిపించింది. అంతలోనే ఆయన కళ్లు మెరిశాయి.

"డాక్టర్‌గారూ! ముంతలు పోతే పోయాయి. నా అసలు తూకపురాళ్లు ఇంకా ఉన్నాయి. ఒక్క పావుగంట! ఎదురు బియ్యంకొట్టు త్రాసు తెప్పించు పాలిత్!" అంటూ వెళ్లిపోయారు.

పావుగంటలో హాలంతా చంటిపిల్లలు. పదకొండుమంది తల్లులు ముసుగులు సర్దుకుంటూ గోడవార నిలబడ్డారు. డాక్టర్ సోమ్ నోరు తెరిచినవాడు మూయలేదు.

"ఇవా తూకపురాళ్లు?"

"పదకొండు! నా కళ్లకి మీరే గంతలు కట్టండి. ఏ వరసలోనైనా అందించండి!"

డాక్టర్ సోమ్ తన రుమాలే తీసి బిగించి కట్టాడు. పిల్లని ఎత్తడం చేతకాక, పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుని అందించాడు. ఆయన చేతుల్లో గుక్కపట్టిన పిల్ల ఖేతూబాబు చేతుల్లోకి రాగానే ఠక్కున ఊరుకుంది.

"ఇది బరువు... ఇది దీనికంటే మూడు తులాలు తక్కువ... ఆహా, వీడు నందూ, గున్నఏనుగు!"

ప్రతి మాటనీ త్రాసు ఒప్పుకుంది. ఏడో పిల్లకి సంఘమంతా కుర్చీలు వదిలి త్రాసు చుట్టూ మూగింది. "మూడు తులాలే!" అని ఆచారవంతుడొకాయన చప్పట్లు కొట్టాడు. పాలిత్ తొందరలో త్రాసు రాళ్లు కిందపడేస్తున్నాడు. పదో పిల్లని ఎత్తగానే ఖేతూబాబు ఆగిపోయారు. మళ్లీ ఎత్తారు.

"ఇది ఖేంది," అన్నారు మెల్లిగా. "శనివారానికంటే తేలిక."

గుమ్మం దగ్గర్నుంచి రామ్‌ధనీ అలవాటుగా కేక వేశాడు: "రేపట్నుంచి వీళ్లింటికి ఇంకో అరసేరు పాలు పొయ్యమంటారా బాబూ, మీ ఖాతాలోనే?"

అందరూ అటు తిరిగారు. ఖేతూబాబు గంతల కిందనే మొహం ఎర్రబడి, గట్టిగా దగ్గారు. రామ్‌ధనీకి ఆ దగ్గు అర్థం కాలేదు. "తక్కిన రెండిళ్లకి ఆపాలా, వాటితో పాటే పొయ్యాలా?" అని కూడా అడిగాడు.

ఖేంది తల్లి ముసుగు తొలగించింది. "ఆ పాలు మీవా బాబూ? లాబొరేటరీ పంపిస్తోందన్నారే! పిల్లలు మా తూకపురాళ్లమ్మా, రాయి తరిగితే ప్రయోగం చెడిపోతుంది, ఇది దానం కాదు, మరమ్మతు అన్నారే! దానమైతే మా ఆయన ముట్టుకోనిచ్చేవాడా?"

"లాబొరేటరీయే కదమ్మా!" అన్నారు ఖేతూబాబు కంగారుగా. "లాబొరేటరీ అంటే ఎవరు? నేనూ, పాలిత్‌బాబూ!"

తల్లులందరూ పాలిత్‌కేసి తిరిగి దణ్ణం పెట్టారు. పాలిత్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. గుప్పెడు పరిగెలూ, అతుకుల కోటూ, రోజూ ఆలస్యం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈయన్నా నేను పిసినారి అనుకున్నది, అని తనని తాను తిట్టుకున్నాడు.

డాక్టర్ సోమ్ గొంతు సవరించుకుని కాగితం తీశాడు.

"లాహిరిగారూ, పెద్ద లోపం ఒకటుంది. ఏ ప్రయోగశాలలోనైనా తూకపురాళ్ల బరువు మారకూడదు. మీ దగ్గర వారంవారం పెరుగుతున్నాయి."

పాలిత్‌కి ఆసిడ్ జాడీలు కళ్లముందు కనిపించాయి.

"ఇలా పెరిగేవాటికి రెండు గదులు చాలవు. మూడోది కూడా ఇమ్మని రాస్తున్నాను." సంతకం పెట్టి, ఖేందిని అందుకుని, ఎవరూ చూడటంలేదనుకుని కళ్లు మూసుకుని ఒకసారి ఎత్తి చూశాడు. ఖేంది ఆయన మీసం పట్టుకుంది. విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

అందరూ వెళ్లాక ఖేతూబాబు కోటు మడతలోంచి సూది తీశారు. పాలిత్‌కి అందించారు. "నువ్వు గుచ్చు పాలిత్!"

పాలిత్ సూదిని అరచేతిలో పెట్టుకున్నాడు. పటం ముందు నిలబడి, కళ్లు మూసుకుని, ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"ఎలా ఉంది?" అన్నారు ఖేతూబాబు ఆత్రంగా.

"అమెరికా సూదులన్నీ కలిపినా దీనికి తూగవు దాదా," అని కలకత్తా మీద గుచ్చాడు.