చూసి పోతానన్న రైతు

తన మిరపకాయలను తాను చూసుకుంటానన్న ఒక రైతును కోల్డ్ స్టోరేజీ లోపలికి తీసుకెళ్లినందుకు నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. కారణం అడిగితే ‘పద్ధతి ఉల్లంఘన’ అని ఒక్క ముక్క రాసి పంపారు. ఇన్నేళ్లయినా ఆ ముక్క గొంతులో మిరప గింజలా అలాగే ఉంది.

అది రెండు వేల పదహారు వేసవి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, ఆ కోల్డ్ స్టోరేజీ. అందులో సరుకు రాకపోకలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని మా హైదరాబాదు కంపెనీకి దక్కింది. దానికి నేను సొల్యూషన్ ఆర్కిటెక్టుని. అంటే ఒక వ్యాపారం ఎలా నడుస్తుందో కూర్చుని విని, సాఫ్ట్‌వేర్‌లో దేనికి ఎక్కడ చోటుండాలో గీసిచ్చేవాణ్ణి. ఆ గీసిన దాన్ని బ్లూప్రింట్ అంటారు. అంతకుముందు ఇతరులు గీసింది కట్టడమే నా పని. ముందుండి నడపడం అదే మొదలు.

నేను చదివింది పదో తరగతి. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా గుమాస్తాగా చేరాను. మిల్లుకు మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాంతోపాటు లావుపాటి ఇంగ్లీషు మాన్యువల్ ఒకటి వచ్చింది. ఎవరూ ముట్టలేదు, నేను తీసుకున్నాను. మధ్యాహ్నాలు మిషన్ల రొదలో, గాల్లో తేలే దూది వచ్చి పేజీ మీద వాలేది. ఊదుకుంటూ చదివేవాణ్ణి. ఒక్కోసారి ఏది అక్షరమో ఏది పింజో తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా డేటాబేస్ అంటే ముందు నాకు కనిపించేది దూదే.

సరే, సంగతికి వస్తాను. మా వైపు మిర్చి రైతులకు ఒక అలవాటు ఉంది. ధర వచ్చేదాకా టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్‌లో పెడతారు. మధ్యలో ఏదో పని మీద ఇటు వస్తే సరుకు దగ్గరికి వెళ్లి చూసి పోతారు. తీయరు, అమ్మరు. పాత రోజుల్లో వాచ్‌మన్ తలుపు తీసేవాడు, అంతే. బ్లూప్రింట్‌లో దానికి నేను ఒక గడి గీసి, ‘చూపు’ అని పేరు పెట్టాను.

ప్రాజెక్టు మొత్తానికి మేనేజరు శైలజ గారు ఆ గడి కొట్టేశారు. చెడ్డ మనిషి కాదు, తెలివైనది, మాటలో మర్యాద ఉంది. సరుకు కదిలితేనే ట్రాన్సాక్షన్ అన్నారు. రావడం ఒకటి, పోవడం ఒకటి, శాంపిల్ ఒకటి. శాంపిల్‌కైనా కొనేవాడి పేరుండాలి. ఊరికే చూడటం ఎందులోకి వస్తుందని అడిగారు. నేను వాదించాను. ఆవిడ నవ్వి, “గేటు దగ్గర మనుషులు చేసే ప్రతి పనికీ ఒక స్క్రీన్ పెడితే, ఈ ప్రాజెక్టు మన జీవితకాలంలో అవదండి” అన్నారు. మీటింగులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

గో-లైవ్ అంటే పాత పద్ధతి ఆపి పూర్తిగా కొత్త సాఫ్ట్‌వేర్ మీదికి వెళ్లడం. అలా వెళ్లిన రోజునే మస్తాన్ వలీ గారు వచ్చారు. ప్రత్తిపాడు అవతల కౌలు రైతు. ఆ ఏడు పండిన పంటంతా లోపలే ఉంది. గేటు గుమాస్తా రత్నం ఆయన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

“ఎన్ని టిక్కీలు తీస్తావో చెప్పు బాబాయ్, కొడతాను.”

“తీయను. చూసి పోతా.”

“చూట్టానికి ఇందులో లేదు బాబాయ్. తీస్తేనే తలుపు స్లిప్పు వస్తది.”

“నా కళ్లకి నీ పెట్టెలో మీట ఉండాలంట్రా?” ఆయన గొంతు పెంచలేదు. వెనక నిలబడ్డ వాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీదో ఆయనకు తెలియలేదు. “అయితే అన్నీ తీసెయ్” అన్నారు.

రత్నం అటూ ఇటూ చూసి కొట్టేశాడు. స్లిప్పు వచ్చింది. బస్తాలు మోసే ముఠా వాళ్లు తలుపు వైపు నడిచారు.

బయట మే నెల ఎండ. చలిలో ఉన్న టిక్కీ ఒక్కసారిగా ఆ వేడిలోకి వస్తే గోనె చెమరుస్తుంది. తడి లోపలికి దిగితే కాయకు బూజు. ఆరబెడదామంటే ఎండకు రంగు వెలిసి, తాలు కింద తక్కువ ధరకు పోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది నేను కట్టిన పెట్టెకే. ఏడాది పంట ఒక పంతం మీద బయటికి వస్తోంది.

నేను పోయి తలుపుకు అడ్డం నిలబడ్డాను. ముఠా మేస్త్రి స్లిప్పు చూపించి, తీయమనే ఉంది కదా సార్ అన్నాడు. నా పూచీ, ఆగమన్నాను. “మస్తాన్ గారూ, రండి, చూద్దురుగాని” అన్నాను.

“నీ పెట్టె ఒప్పుకోదంటగా ఇంజినీరూ?”

“దాన్ని అడగలేదు లెండి.”

లోపలికి వెళ్లాం. తలుపు వెనక మూసుకోగానే లోకం ఆగిపోయినట్టయింది. మా ఊపిరి తెల్లగా ముందు నడుస్తోంది. మసక దీపాల కింద, కిందినుంచి పైకప్పు దాకా చెక్కల మీద టిక్కీలు, కుట్ల సందుల్లోంచి ఎరుపు. బయట యార్డులో ఆ కాయ దగ్గరికి వెళితే తుమ్ములూ దగ్గులూ. లోపల ఎవరికీ గొంతు గరగరలాడదు. చలిలో ఘాటు కూడా నిద్రపోతుంది. పొలాలన్నీ ఒకచోట పడుకుని వాన కల కంటున్నట్టు ఉంటుంది. మాట్లాడితే లేస్తాయేమోనని మేమిద్దరం కాళ్లు మెల్లగా వేశాం.

ఆయన తన మార్కా వేసిన టిక్కీల దగ్గర ఆగారు. గోనె మీద అరచెయ్యి పెట్టారు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచారు. కుట్టు వదులు చేసి ఒక కాయ తీసి, దీపానికి ఎత్తి, విరిచి వాసన చూసి, రెండు ముక్కలూ మళ్లీ లోపలే వేశారు.

“ఉన్నాయి” అన్నారు. “ఇక పోతా.”

బయటికొచ్చాక రత్నంతో, “నీ స్లిప్పు నువ్వే ఉంచుకోరా” అని బస్సు కోసం నడిచి వెళ్లిపోయారు.

టిక్కీలు లోపలే ఉన్నాయి. కంప్యూటర్‌లో మాత్రం వెళ్లిపోయాయి. మర్నాడు శైలజ గారి ఫోన్.

“ఆ తలుపు తీసి మీరు సిస్టమ్‌ని అబద్ధం చేశారు.”

“అది అప్పటికే అబద్ధమాడిందండి. నేను సరుకు కాపాడాను.”

ఆ వారమే నన్ను తప్పించారు. ఆ తర్వాత ఇంకెన్నో ప్రాజెక్టులు నడిపాను, తెల్ల వెంట్రుకలతో రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్లినా స్క్రీన్ గీసే ముందు తలుపు తీయించుకుని లోపల కాసేపు ఊరికే నిలబడేవాణ్ణి. కదిలేదాన్ని ఎవడైనా గీస్తాడు. ఒక వ్యాపారంలో కదలకుండా ఉండేది ఏమిటో, దాన్ని చూడటానికి ఎవరొస్తారో తెలుసుకున్నవాడే ఆ పనికి ముందు నడవాలి. నేను నేర్చుకున్నది అంతే.

అయినా కోపం చల్లారలేదు. ఏటా మిర్చి దిగే కాలానికి శైలజ గారికి ఒక ఉత్తరం రాసేవాణ్ణి. క్షమాపణ అడగలేదు. నేను చేసింది తప్పా కాదా, అది చెప్పమన్నాను. బ్లూప్రింట్ పేజీలు, రూల్సు, అన్నీ ఎత్తి చూపాను. జవాబు లేదు. ఈ వేసవిలో వచ్చింది:

“రామకోటయ్య గారూ, మీ ఉత్తరాలన్నీ చదివాను. నా దగ్గర జవాబు లేక రాయలేదు. ఈమధ్య ఒంగోలు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. ఒక రైతు వచ్చి చూసి పోతానన్నాడు. మా స్క్రీన్‌లో అది ఇప్పటికీ లేదు. తలుపు తీయమన్నాను. ఆయన వెనకే నేనూ వెళ్లాను. ఇన్నేళ్లూ మీరు నాకు రూల్సు రాశారు. లోపల అలా ఉంటుందని ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.”