కుట్టు తిరగేసే గోవిందక్క

మా గోవిందక్కకు ఒక అలవాటున్నది. ఎదుటి మనిషి ఒంటిమీది బట్టను తిరగేసి లోపలి కుట్టు చూడందే మాట మొదలువెట్టది. మీరు మంచిగున్నరా అని అడిగేలోపే మీ అంగి అంచు ఆమె చేతుల ఉంటది. మీరు మంచిగున్నరో లేదో ఆ అంచే చెప్తదని ఆమె నమ్మకం.

ఒకసారి ఆలేరు నుంచి మోత్కూరుకు బస్సుల వస్తుంటే, ముంగట నిలవడ్డ పెద్దమనిషి అంగిని ఎనుకనుంచి మెల్లగ లేపి చూసింది. ఆయన జేబుదొంగ అనుకొని చెయ్యి పట్టుకున్నడు. కండక్టర్ బస్సు ఆపిచ్చిండు. గోవిందక్క ఏం బెదరలే. పక్క కుట్టు ఊడుతాంది, నాలుగు దినాలైతే చంకదాక చినుగుతదని చెప్పి సంచిలకెల్లి సూదిదారం తీసింది. బస్సు కదిలింది. ఆయన మోత్కూరుదాక చెయ్యి పైకెత్తుకొని నిలవడ్డడు, ఆమె కుట్టుకుంట వచ్చింది. దిగేటప్పుడు కండక్టర్ కూడ ఊడిన గుండీ ఒకటి ఆమె చేతుల పెట్టిండు.

ఇంకోసారి ఒక పెండ్లిల అక్షింతలెయ్యపోయి పెండ్లిపిలగాని షేర్వాణీ చెయ్యి మడిచి చూసింది.

"కిరాయిదా బిడ్డా? నలుగురి కొలతకు విప్పి కుట్టిండ్రు" అన్నది.

అయ్యగారి మైకు పక్కనే ఉండే. పందిరంత విన్నది. పిలగాని తల్లి రెండేండ్లు గోవిందక్కతోని మాట్లాడలే.

గసువంటి మనిషి, తెలంగాణ వచ్చిన మూడో ఏట మోత్కూరు మార్కెట్ ఎనుక పాత వడ్ల గోదాముల కుట్టు కార్ఖానా పెట్టింది. పెద్ద కంపెనీలల్ల మిగిలిపోయి పారేసే బట్టను షాద్‌నగర్ దిక్కునుంచి తెచ్చి కుర్తాలు కుట్టిస్తది. కుర్తాలకు మిగిలిన ముక్కలతోని సంచులు, సంచులకు మిగిలిన పీలికలతోని బొంతలు. మా చెత్తడబ్బల దారం పోగులు తప్ప ఏముండయి.

మనిషిని పనికి తీసుకునుడు గూడ గట్లనే. చదువు అడగది, కులం అడగది, బట్ట తిరగేస్తది. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నవడ్డది. మిషన్ తొక్కలేవని నల్గొండల ముగ్గురు నన్ను వాపస్ పంపిండ్రు. గోవిందక్క నా ప్యాంటు కాలు తిరగేసి, ఇంత సాఫుగ చిన్నగ చేసిందెవరని అడిగింది. నేనే అన్న. "అయితె కత్తెర వట్టు" అన్నది. గప్పటిసంది ఈ పరమేష్ కటింగ్ మాస్టర్. మాట రాని అక్కచెల్లెండ్లు ఇద్దరు, మొగడు ఇడిసిపెట్టిన సుమన, మేకలమ్ముకొని యాభై దాటినంక మిషనెక్కిన నర్సింగమ్మ, ఇట్ల మొత్తం పన్నెండు మందిమైనం.

పోయినేడు హైదరాబాద్ దుకాణందారు బాలకృష్ణ సారు వచ్చిండు. చాయ కంటే ముందు ఆయన కాలర్ తిరగేసింది గోవిందక్క. ఆయన మొహం చిన్నవోయింది గని, తర్వాత మా కుర్తాలు చూసి తెల్లయి నాలుగు వందలు కుట్టుమన్నడు. దసరాకు ముందు అందాలె. మంచిగుంటే ఏడాది పొడుగునా పనిస్తనన్నడు. మాకు అసలు నిద్రవట్టలే, సంతోషానికి.

అప్పుడే నర్సింగమ్మ కుట్టిన కుర్తాలు ఆమె మిషన్ కాడికే వాపస్ రావుడు షురువైంది. గోవిందక్క రోజూ ఆమె కుట్టు తిరగేసుడు, వంకరవోయిందని విప్పుడు, మళ్ల ఇచ్చుడు. ఒకనాడు ఆమె మిషన్‌ను కిటికీ కాడికి జరిపిచ్చింది. ఇంకోనాడు తెల్లబట్ట ఇచ్చి ఎర్రదారంతోని కుట్టుమన్నది. నర్సింగమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకుంట కుట్టింది. అందరి ముందట ముసలామె ఇజ్జత్ తీస్తున్నదని సుమనకు మస్తు కోపమొచ్చింది. నాకు గూడ వచ్చింది. గోవిందక్క ఆ ఎర్రకుట్టును తిరగేసి చానసేపు చూసింది. కుట్టు సీదాగున్నది.

"నర్సింగమ్మా, రేపు పనికి రాకు" అన్నది.

గోదాముల మిషన్లన్ని ఆగినయి. నర్సింగమ్మ కుర్చీలకెల్లి లేవలే.

"మంచి చీర కట్టుకొని పొద్దుగాల బస్టాండుకు రా. దవాఖానకు పోదాం. నీ చేతులకు ఏం కాలే. తెల్లదారం నీకు అవుపడ్తలేదు, గంతే."

నర్సింగమ్మ అప్పుడు బయటపడ్డది. ఏడాదిసంది కండ్లకు పొర వచ్చిందట. చెప్తే పని పోతదని, దారం వేళ్లతోని తడుముకుంట నెట్టుకొచ్చిందట. మేమందరం ఆమె పక్కనే కూసొని పనిచేస్తున్నం. ఒక్కలకు తెల్వలే. కుట్టుకు తెలిసింది.

ఆపరేషన్ అయింది. ఆ దవాఖానల డాక్టరమ్మ తెల్లకోటు అంచు గూడ గోవిందక్క తిరగేసిందట, ఆమె నవ్వి ఊకున్నదట. ఇటు బాలకృష్ణ సారుకు సంగతి తెలిసి, పండుగ దగ్గరికొచ్చింది, ఆమె జాగాల ఇంకోరిని పెట్టుకోమని ఫోన్ చేసిండు.

"ఆ జాగా ఖాళీ లేదు సారు. మనిషి దవాఖానకు పోయింది" అన్నది గోవిందక్క.

సగం సరుకు ముందు పంపుతం, సగం వారం ఆగి పంపుతమన్నది. ఆయన గునిసిండు, ఒప్పుకున్నడు. నర్సింగమ్మ వంతు మేం తలా కొన్ని పంచుకొని కుట్టినం. సరుకు పండుగకు రెండు దినాల ముందే చేరింది. సుమన ఆ వారమంత గోవిందక్కకు తానే చాయ పోసిచ్చింది.

మూడు వారాలకు నర్సింగమ్మ నల్లద్దాలు పెట్టుకొని వచ్చింది. మిషన్ పక్కన తన పాత కుర్తాలు నాలుగు, విప్పకుంట మిగిలినయి, ఇంకా గట్లనే ఉన్నయి. ఒకటి తీసి, తిరగేసి, అద్దాలు పైకి జరిపి చూసింది.

"ఇది కుట్టిందెవరు?" అని గట్టిగ అడిగింది.

"నువ్వే" అన్న నేను.

నర్సింగమ్మ మా అందరి మొహాలు ఒక్కొక్కటిగ చూసింది. "గింత వంకర కుట్టుతుంటే మీరంత ఏం జేస్తున్నరు? కండ్లు లేవా మీకు?" అని కోపం జేసి, కుర్చీ గుంజుకొని కుట్లు విప్పుడు మొదలువెట్టింది.