గ్రాఫిక్స్ కార్డులు ఇక లేవు

ఒక ఆడపిల్ల పెళ్లిని, మా బాపు దుకాణాన్ని, శుభ్రంగా పనిచేస్తున్న ఒక కంప్యూటర్‌ను ఒకే పూటలో ప్రమాదంలోకి నెట్టినవాణ్ణి నేను. పగతో కాదు, సంతాపంతో. గాబరా పడకండి, ఇందులో మనుషులెవరూ పోరు.

హనుమకొండలో మాది పెళ్లికార్డుల దుకాణం. ఫ్లెక్సీలూ కొడతాం. మా ఊళ్లో ఇలాంటి దుకాణాల బోర్డు మీద ముందు దేవుడి పేరుంటుంది, వెనక ‘గ్రాఫిక్స్’ అని ఉంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. కాబట్టి మా బజారులో గ్రాఫిక్స్ అంటే దుకాణం, కార్డు అంటే పెళ్లికార్డు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే ఇంకో అర్థం వస్తుందని తెలిసినవాణ్ణి ఆ వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. అంత జ్ఞానం ఒక్కడి దగ్గరే ఉండకూడదు.

డిగ్రీ అయ్యాక దుకాణంలో డిజైనింగుకు కూర్చున్నాను. మేడారం జాతర ఫ్లెక్సీలు పాత కంప్యూటర్ మీద కదలడం లేదని బాపును పోరి, కంప్యూటర్ తెర మీద బొమ్మల్ని చకచకా కదిలించే గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనిపించాను. నిజానికి ఫ్లెక్సీలు పాతదాని మీద కూడా బాగానే కదిలేవి. కదలనివి నా వీడియో గేములు. రెండు ఫ్యాన్లతో, ఇటుకంత బరువుతో అది దిగితే బాపు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేందిరా, కూలరా?” అన్నాడు.

ఒక ఉదయం వార్త చదివాను. ఆ కార్డు తయారుచేసే కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల మార్కెట్ నుంచే తప్పుకుంటోందట. గిట్టుబాటు కావడం లేదట. ఇకమీద వేరే సామాన్లేవో చేసుకుని బతుకుతుందట. దూరపు చుట్టాలు పోయినప్పుడు కూడా నేనంత కదిలిపోలేదు.

రోజూ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చేసే చెయ్యి కదా, దుఃఖం రాగానే నన్నడగకుండానే పనిలోకి దిగింది. పోయినవారి ఫొటో ఉండాల్సిన చోట కార్డు బొమ్మ పెట్టాను. చుట్టూ బంతిపూల దండ, అటూ ఇటూ దీపాలు, పైన ఎగిరిపోతున్న పావురం. కింద ఇలా రాశాను:

“అశ్రునయనాలతో... గ్రాఫిక్స్ కార్డులు ఇక లేవు. ఇన్నేళ్లు మనకు తోడున్న కంపెనీ మార్కెట్ విడిచి వెళ్లిపోతోంది. దయచేసి కొత్త ఆర్డర్లు పెట్టకండి.”

దాన్ని స్టేటస్‌గా పెట్టి, కళ్లు తుడుచుకుని, చాయ్ తాగడానికి వెళ్లాను.

దుఃఖంలో నాకు తట్టని సంగతి ఏమిటంటే, ఆ కంప్యూటర్‌లో తెరిచి ఉన్నది నా నంబరు కాదు, దుకాణం నంబరు. ఆ స్టేటస్ చూసేది నాతో ఆటలాడే పోరగాళ్లు కాదు, చుట్టుపక్కల మండలాల పెళ్లిపెద్దలు. పైగా మేం చేసే ప్రతి ఫ్లెక్సీ అడుగునా దుకాణం పేరు, బాపు ఫొటో వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఈసారి సరిగ్గా దండ కింద కూర్చున్నాయి.

తిరిగొచ్చేసరికి వర్ధన్నపేట ఐలయ్య కాక గల్లా ముందు నిలబడి ఉన్నాడు. మిర్చి రైతు, మా పాత గిరాకీ. ఆయన బిడ్డ పెళ్లికార్డు నమూనా సిద్ధంగా ఉంది. ఆ రోజు చూసి సరే అంటే ప్రింటుకు పంపాలి. ఆయన నమూనా సంగతి వదిలేసి బాపు మొహంలోకి వంగి చూస్తున్నాడు.

“కొమురన్నా, నువ్వు బాగనే ఉన్నవా?”

“నాకేమైంది?”

“నీ ఫొటో మీద దండుంది. సరే, నువ్వైతే ఉన్నవ్. మరి మా కార్డుల సంగతేంది? దుకాణం ఎత్తేస్తానమని ఫోన్ జేసి చెప్పొద్దా? దీపాలు వెట్టి చెప్తరా?”

బాపు నా వైపు చూశాడు. మా బాపు తిట్టడు, చూస్తాడు. తిట్టడమే నయం.

“కాకా, అది మీ కార్డు గాదు,” అన్నాను. “కంప్యూటర్‌ల ఉండే కార్డు.”

“మాది గూడ కంప్యూటర్‌లనే ఉందని నిన్న నువ్వే చెప్తివి గదరా.”

“అది వేరే. ఇది బొమ్మలు సూపెట్టే కార్డు.”

“మా దాని మీద వినాయకుని బొమ్మ లేదా?”

“అబ్బా! దీనికి ఫ్యాన్లుంటయ్ కాకా!”

ఐలయ్య కాక బాపు వైపు తిరిగాడు. “కొమురన్నా, పిలగాన్ని జర దవాఖానల సూపెట్టు.”

అంతలో ఆయన ఫోను మోగింది. వీడియో కాల్. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే వియ్యంకుడు.

“ఏం బావా,” అన్నాడాయన, నమస్తే కూడా లేకుండా. “కార్డులు బంద్ వెట్టిచ్చినవట? స్టేటస్ మేమూ చూసినం. పెండ్లి ఇష్టం లేకపోతే మొఖం మీద చెప్పాలె గని, గిదేం పద్ధతి?”

“అయ్యో బావా, నా బిడ్డ పెండ్లి నేనెందుకు బంద్ వెడ్త?” అన్నాడు ఐలయ్య కాక. తువ్వాలతో నుదురు తుడుచుకున్నాడు. అప్పటిదాకా లోపల్లోపల నవ్వుకుంటున్న నాకు నవ్వు ఆగిపోయింది. సంబంధం కుదిరిన దగ్గరి నుంచి ఆ మనిషి మా దుకాణానికి వచ్చిన ప్రతిసారీ లడ్డూలు తెచ్చాడు మరి.

ఇక మాటలతో లాభం లేదనుకున్నాను. “ఒక్క నిమిషం, సూపెడ్త!” అని కంప్యూటర్ డబ్బా తలుపు ఊడదీసి, ఆ కార్డును పట్టుకుని లాగాను. స్విచ్ ఆపాలన్న ఆలోచన అది చేతికొచ్చాక వచ్చింది. టప్‌మంది. తెర నల్లబడింది. ఐలయ్య కాక బిడ్డ పెళ్లికార్డు అందులోనే ఉంది. నేను మాత్రం, కాన్పు గదిలోంచి నర్సు పసిపిల్లను తెచ్చి చూపినట్టు, దాన్ని రెండు చేతులతో ఫోను ముందుకెత్తాను.

“ఇదీ కార్డు! దీని కంపెనీ పోయింది! మీ పెండ్లికి ఏం గాలే!”

వియ్యంకుడు ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. “ఇంత బరువుది ఊరూరు దిరిగి ఎట్ల పంచుదామనుకున్నవ్ బావా?” అన్నాడు.

అప్పుడు ఆయన భుజం వెనక నుంచి పెళ్లికొడుకు తల తెరలోకి వచ్చింది. చూపు కార్డు మీదే ఉంది.

“అన్నా... గా కంపెనీయా? నిజంగనేనా?”

“నిజమే తమ్మీ.”

“నాది గూడ గదే కార్డన్నా,” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నా దుఃఖం అర్థమైన మొదటి మనిషి అతనే. కానీ ఏడవడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు.

“వీడెందుకు ఏడుస్తాండు?” అన్నాడు వియ్యంకుడు. “ఏందిరా, పిల్ల నచ్చలేదా?”

ఐలయ్య కాక స్టూలు మీద కూలబడ్డాడు. బాపు మంచినీళ్ల గ్లాసు అందించబోయి, తనే తాగేశాడు.

“పిల్ల మంచిగ నచ్చింది డాడీ!” అన్నాడు పెళ్లికొడుకు బెంబేలుగా. “కార్డే...”

“కార్డు నచ్చలేదా? గంతేనా?”

ఐలయ్య కాక లేచి నిలబడ్డాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. “కార్డే గదా బావా! మార్పిస్త! అల్లునికి ఏ రంగు గావాల్నో అడుగు! నువ్వు ఫికర్ చెయ్యకు!”

పెళ్లికొడుకు నోరు తెరిచాడు. నేను తెర ఇవతల నుంచి వద్దని తలూపాను. అతను తెలివైనవాడు, మూసుకున్నాడు. మళ్లీ తెరిచి, “ఎర్రది,” అన్నాడు.

కార్డులు ఎర్రవే వేశాం. కొత్తగా డిజైన్ చేసి, అరువు తెచ్చుకున్న కంప్యూటర్ మీద, బాపు నా వెనకే నిలబడి చూస్తుండగా. పెళ్లి ఘనంగా జరిగింది. వర్ధన్నపేటలో ఇప్పటికీ అతన్ని కార్డు నచ్చక ఏడ్చిన అల్లుడు అంటారట. ఎంత సున్నితమైన మనసో అని అత్తగారు మురిసిపోతుందట. నా కార్డు మళ్లీ లేవలేదు. బాగుచేయించుకుందామంటే, దాని కంపెనీ ఆ మార్కెట్‌లో ఉంటే కదా.

ఆ పెళ్లిపందిట్లోనే, భోజనాల దగ్గర, అప్పడం సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఏ కంపెనీ ఏ మార్కెట్ విడిచిపోయినా, నా గుండె ఎన్ని ముక్కలైనా సరే, ఇకమీదట ఏడవాల్సి వస్తే నా సొంత నంబరు నుంచే ఏడుస్తాను.