గాలి తగిలినా ఎర్రబడని రక్తం

1993 ఎండాకాలం. పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఒక చిన్న నర్సింగ్‌హోమ్, దాని పక్కన రెండు గదుల్లో నా ల్యాబ్. పాథాలజీలో ఎం.డి. ముగించి వచ్చిన నాకు రోజూ అవే పనులు: మలేరియా స్మియర్లు, షుగర్లు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో చేరబోయేవాళ్ళ మూత్ర పరీక్షలు. నేర్చుకోవలసిందంతా కాలేజీలోనే అయిపోయిందని అనుకునేదాన్ని.

సి.ఎం.ఇ. అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. కంటిన్యూయింగ్ మెడికల్ ఎడ్యుకేషన్ అని దాని పూర్తి పేరు. పనిలో ఉన్న డాక్టర్లకూ టెక్నీషియన్లకూ అప్పుడప్పుడు పెట్టే తరగతులు. కంపెనీలు మంచి భోజనం పెట్టి మాకు మిషన్లు అంటగట్టడానికే అవి జరుగుతాయని నా నమ్మకం. ఆ ఎండాకాలంలోనే ఒక ఆదివారం హైదరాబాద్‌లో అలాంటి తరగతికి వెళ్ళాను. మొదటి రెండు ఉపన్యాసాలు ఆ నమ్మకాన్ని గట్టిపరిచాయి. మూడోది ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌ది. ఆయన ఏ మిషన్ ఊసూ ఎత్తలేదు. మెథిమోగ్లోబిన్ గురించి చెప్పారు. కొన్ని రసాయనాలు ఒంట్లోకి పోతే రక్తంలోని హిమోగ్లోబిన్ పాడైపోయి ఆక్సిజన్ మోయలేకపోతుంది. పెదవులు నీలమవుతాయి, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. సిర నుంచి తీసిన మామూలు రక్తం చుక్కను ఫిల్టర్ పేపర్ మీద వేస్తే గాలి తగిలి ఎర్రబడుతుంది. ఇది మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ రసాయనం నోటి నుంచీ పోవచ్చు, ఊపిరితోనూ పోవచ్చు, చర్మంలోంచి కూడా పోవచ్చునని ఆయన మరీ మరీ చెప్పారు. నేను రాసుకోలేదు, కానీ మనసులో నిలిచింది.

నెల తిరగకముందే యాదయ్య వచ్చాడు. ముత్తంగి దగ్గరి పల్లె, పాతికేళ్ళవాడు, రంగులకు వాడే రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కూలి. నర్సింగ్‌హోమ్ డాక్టరు గుండె జబ్బేమోనని అనుమానించి ఆక్సిజన్ పెట్టారు. ఎంత పెట్టినా పెదవుల నీలం తగ్గడం లేదని నన్ను పిలిచారు.

మంచం పక్కన అతని తల్లి మణెమ్మ ఒక స్టీలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆ గిన్నె నా చేతిలో పెట్టబోయింది.

"పొద్దుగాల డ్యూటీ దిగి మంచిగనే వచ్చిండు డాక్టరమ్మా. ఇది పెట్టిన కూడు తిని పండుకున్నడు. లేశేసరికి గిట్లైండు. గీ పులుసుల ఏం కలిపిందో నువ్వే పరీక్ష జేసి చెప్పు."

'ఇది' అంటే కోడలు అనసూయ. గోడకు ఆనుకుని నిలబడింది. పెళ్ళై ఏడాది కాలేదట, పుట్టింటికి పోతానని వారం నుంచి గొడవ పడుతోందట. ఇదంతా మణెమ్మే చెప్పింది. అనసూయ కాదనలేదు, ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే అక్కడున్నవాళ్ళకు అనుమానం పెంచింది. నాకూ పెంచింది.

తిండిలో విషం పరీక్షించడం మా ల్యాబులో కాదని చెప్పి రక్తం తీశాను. సిరంజిలోకి వచ్చినదాన్ని వెలుతురుకు పట్టి చూశాను. అది కాఫీ డికాషన్‌లా ఉంది. ఫిల్టర్ పేపర్ తెప్పించి దాని మీద ఒక చుక్క, పక్కనే నా వేలి చుక్క వేశాను. నాది ఎర్రగా మెరిసింది. అతనిది మట్టి మరకలా ఉండిపోయింది.

ఏదో రసాయనం ఒంట్లోకి పోయిందన్నాను. అది ఏ దారిన పోయిందో మాత్రం కాగితం చెప్పదు. పులుసులోంచీ పోయి ఉండవచ్చు. నా మాట వినగానే మణెమ్మ కోడలి వైపు తిరిగింది. అంతలో తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ముందుకొచ్చాడు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్.

"ఆయనది ప్యాకింగ్ పని మేడం. కెమికల్ ముట్టనే ముట్టడు. ఇంట్ల తిండే తేడా కొట్టినట్టుంది."

కంపెనీకి ఎవరు కబురు చేశారని మణెమ్మను అడిగాను. ఎవరూ చేయలేదంది. మరి ఈయన ఎలా వచ్చాడు? మంచం మీదికి వంగాను. యాదయ్య చొక్కా నుంచి బూట్‌పాలిష్ లాంటి వాసన ఘాటుగా కొట్టింది.

ఇంతలో అనసూయ గోడ విడిచి వచ్చింది. అత్త చేతిలోని గిన్నె తీసుకుని, నేను వద్దనేలోపే ఆ పులుసంతా తాగేసింది. ఖాళీ గిన్నె మళ్ళీ అత్త చేతికే ఇచ్చింది. నేను ఆమె పెదవులనే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు యాదయ్య కళ్ళు గట్టిగా మూసుకోవడం కనిపించింది. ఇతనికి స్పృహ ఉంది, అన్నీ వింటున్నాడు.

సూపర్‌వైజర్‌ను బయటికి పంపి తలుపు వేయించాను. "నిజం చెప్పకపోతే బతకవు యాదయ్యా" అన్నాను.

"రాత్రి డ్రమ్ము లీకై మీద పడ్డది మేడం" అన్నాడు ఆగి ఆగి. "నీళ్ళతోని కడుక్కొని పొమ్మన్నరు. ఎవరికన్న చెప్తే పనిలకెల్లి తీసేస్తమన్నరు."

అనసూయ మంచం దగ్గరకు వచ్చింది.

"మీ అమ్మ నన్ను అంటుంటే ఇంటున్నవా?"

"ఇన్న" అన్నాడు.

వెంటనే బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్ళంతా కడిగించాం. రాత్రి నుంచి ఆ విషం చొక్కాలోంచి ఒంట్లోకి ఇంకుతూనే ఉంది. దీనికి విరుగుడు మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్. నా ల్యాబులో ఉన్నది స్లైడ్లకు రంగు వేసే మిథిలీన్ బ్లూ, మనిషికి ఎక్కించడానికి పనికిరాదు. నర్సింగ్‌హోమ్ డాక్టరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, వ్యాన్‌లో యాదయ్య వెంట తానే వెళ్ళారు.

మర్నాడు నేను అక్కడికి వెళ్ళేసరికి యాదయ్య పెదవులు మామూలు రంగుకు వచ్చాయి. మణెమ్మ నన్ను పక్కకు పిలిచి కొడుకు మూత్రం పట్టిన సీసా చూపించింది. ఆకుపచ్చగా ఉంది. కడుపులోని విషం పోతోందని, తాను చెప్పిందే నిజమని ఆమె వాదన. అది ఇక్కడ ఎక్కించిన నీలం మందు రంగని నచ్చజెప్పాను. తల ఊపింది గాని నమ్మినట్టు లేదు.

రిపోర్టులో తిండి తేడా అని రాయమని సూపర్‌వైజర్ మా ల్యాబుకు వచ్చాడు. రాయనన్నాను. ఉన్నదున్నట్టు రాసి ఒక కాపీ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు పంపాను. నర్సింగ్‌హోమ్ డాక్టరు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు, ఫ్యాక్టరీ కేసులు రాకుండా పోతాయేమోనని. యాదయ్య పనిచేసే షెడ్డులో గ్లౌజులు ఇచ్చారని, స్నానానికి నల్లాలు పెట్టారని తర్వాత విన్నాను. నేను వెళ్ళి చూడలేదు కాబట్టి పూర్తిగా నమ్మనూ లేదు.

వానాకాలంలో అనసూయ మళ్ళీ వచ్చింది, పక్కింటి ఆవిడనూ ఆమె భర్తనూ వెంటబెట్టుకుని. తనకు ఏ జబ్బూ లేదని ఆయన గొణుగుడు. "ఈయన గోళ్ళు సూడండి మేడం. గదే షెడ్డుల పని" అంది. చూశాను, కాస్త నీలంగానే ఉన్నాయి. చుక్క వేస్తే అదే మట్టి రంగు, కొంచెం తక్కువగా. సమయానికి వచ్చారు.

వెళ్ళేముందు ఇంట్లో ఎలా ఉందని అడిగాను.

"అత్త నేను వండిందే తింటది. నేను తిన్నంకనే తింటది" అంది మామూలుగా.

"మరి యాదయ్య?"

"ఇప్పుడు నేను అడగకముందే అన్నీ చెప్తున్నడు మేడం. నేనే నమ్ముతలేను."

ఆ ఏడాది చివర నుంచి చుట్టుపక్కల టెక్నీషియన్లను నెలకోసారి మా ల్యాబులో కూర్చోబెట్టి, నాకు తెలిసింది చెప్పడం, తెలియనిది చెప్పగలిగినవాళ్ళను పిలిపించడం మొదలుపెట్టాను. ఇటు సంగారెడ్డి నుంచి కూడా వచ్చేవాళ్ళు. రక్తం రంగు మారితే ఏమిటో ఒక పూటలో నేర్పవచ్చు. ఆ కేసు నాకు నేర్పింది మరొకటి, వాళ్ళకు ప్రతిసారీ అదే ముందు చెప్పేదాన్ని: సూది గుచ్చేముందు మనిషిని ఏం పని చేస్తావని అడగండి. ఆ జవాబు మీద అతని కూలి ఆధారపడి ఉంటుంది, కాబట్టి మొదటిసారి చెప్పింది నమ్మకండి. గదిలో ఎవరూ లేనప్పుడు మళ్ళీ అడగండి.